కుందేలుకు ఎన్ని అడుగుల ఇల్లు కావాలె?



ఈసారి పత్తి ధర గురించి కాదు, బోరు గురించి కాదు. కుందేలు ఉండే ఇంటి గురించి రాస్తున్న. ఈయనకు ఎండదెబ్బ తగిలిందా అనుకోకండి. ఇరవై ఏండ్ల కింద నేను చేసిన ఒక తప్పు, మొన్న అశోక్‌నగర్‌ల మా చిన్నబిడ్డ రూముకు పోయినప్పుడు నా ముందరికొచ్చి నిలబడ్డది. అప్పటి నుంచి దొరికింది చదువుకుంటూ, తెలిసినోళ్లను అడుగుకుంటూ వచ్చిన. అదంతా ఒక్క దగ్గర పెడుతున్న. పొడుగు పోస్టు. పనులైనంక తీరిగ్గా చదువుకోండి.

మా చిన్నబిడ్డ గ్రూప్-2కు చదువుతున్నది. అశోక్‌నగర్ ఎట్లుంటదో పిల్లలను చదివిస్తున్నోళ్లకు చెప్పనవసరం లేదు. కోచింగ్ సెంటర్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, వాటి మీద హాస్టళ్లు. పొద్దున లేస్తే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల సీటు కోసం ఉరుకుడు. రాత్రి వచ్చి మంచం మీద పడుడు. ఇంటికాడ వరండల కాళ్లు చాపుకొని చదివిన పిల్ల, అక్కడ 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడుగు ఉన్న రూముల ఇంకో ఇద్దరితోని ఉంటది. అంటే మొత్తం 120 చదరపు అడుగులు, మనిషికి 40. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లా వస్తది.

ఫిబ్రవరిల ఫోన్ చేసి "బాపూ, ఒక కుందేలును తెచ్చుకుంట" అన్నది. పరీక్ష అయిపోయినంక ఎవరో రూము ఖాళీ చేసి పోతూ, మెట్ల కింద అట్టపెట్టెల తెల్ల కుందేలును వదిలేసి పోయిన్రట. దిక్కులేని జంతువులను చూసుకునే పిల్లలు కొందరు వచ్చి తీసుకపోయిన్రు. నారాయణగూడల ఉన్న సర్కారు పశువుల దవాఖానకు తీసుకపోయి చూపించిన్రు. ఎవరన్నా పెంచుకుంటరా అని ఇప్పుడు అడుగుతున్నరు. మా పిల్ల ఉరికి పేరు ఇచ్చింది.

"పెంచుకో, దానికేముంది" అన్న. అప్పటికి నా తెలివి అంతే.

బియ్యం, పచ్చడి ఇచ్చి వద్దామని నేను పోయిన రోజే, కుందేలును ఇచ్చే ఆ అమ్మాయి రూము చూడటానికి వచ్చింది. చేతిల కొలతల టేపు ఉన్నది. రూము పొడుగు కొలిచింది, వెడల్పు కొలిచింది. కిటికీ ఎటువైపు అని అడిగింది. ఫోన్ల చార్జర్ల వైర్లు చూసింది. ఇంటి ఓనర్ ఒప్పుకున్నడా, రూములో ఉండే ఇద్దరు ఒప్పుకున్నరా, ఏప్రిల్ మే నెలల్ల కూలర్ ఉంటదా, పండుగకు ఊరికి పోతే ఎవరు చూస్తరు, ఒక్కదాన్నే పెంచుతవా జంటను పెంచుతవా... నాకు కోపం వచ్చింది. "అమ్మా, బిడ్డ పెండ్లికి కూడ మేము పిలగాని ఇల్లు ఇంతగనం చూడలేదు. ఎలుకంత జీవానికి ఇల్లు కొలుసుడేంది? ఒక బోను పెడితే మూలకు పడి ఉంటది" అన్న.

ఆ అమ్మాయి కోపం చేయలేదు. "అంకుల్, మీరెప్పుడన్నా కుందేళ్లను పెంచిన్రా?" అన్నది.

నా నోట మాట రాలేదు. ఎందుకంటే పెంచిన.

2004ల ఒక కంపెనీ ఏజెంటు మా ఊరికి వచ్చిండు. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడ. ఒక యూనిట్ అంటే ఏడు ఆడవి, మూడు మగవి. కుందేలు 31 రోజులకే ఈనుతది, ఈతకు ఆరేడు పిల్లలు, పుట్టిన పిల్లలను మేమే కొంటం అని కాగితం రాసిచ్చిండు. నేను రెండు యూనిట్లు తీసుకున్న. ఇనుప జాలితోని బోన్లు వాళ్లే ఇచ్చిన్రు. ఒక్కో బోను 2 అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 3 చదరపు అడుగులు. కింద కూడ జాలే, పెంట కిందికి రాలిపోవాలని. పైన సిమెంటు రేకులు.

రెండు ఈతలు కొన్నరు. మూడో ఈతకు ఫోన్ ఎత్తలేదు. పిల్లలు పెరిగినయి, బోన్లు పెరగలేదు. ఒక్కో బోన్ల నాలుగు, ఐదు. కాళ్ల కింద బొచ్చు పోయి, పుండ్లు పడి, జాలికి రక్తం అంటేది. ఆ తర్వాత మే నెలల ఒకరోజు పొద్దటి నుంచి కరెంటు లేదు, ఫ్యాన్లు తిరగలేదు. నేను బ్యాంకు పని మీద పట్నం పోయిన. సాయంత్రం వచ్చేసరికి నలభైకి పైన చచ్చి ఉన్నయి. బతికినయి నోరు తెరిచి ఎగపోసుకుంటున్నయి. ఆ రాత్రి గుంత తీసి పూడ్చిన. "మన తలరాత" అని మా ఇంటిది అన్నది. నేనూ అట్లనే అనుకున్న. కంపెనీని తిట్టిన, కరెంటోళ్లను తిట్టిన. బోను కొలత మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఆ అమ్మాయి టేపు చూసినంక అడిగిన: అసలు కుందేలుకు ఎంత జాగ కావాలె, ఎవరు చెప్పిన్రు, ఎప్పటి నుంచి చెప్తున్నరు?

ఇక్కడి నుంచి చరిత్ర.

ఒక్క పేరు, రెండు జంతువులు

మన దగ్గర గందరగోళం మాటతోనే మొదలైతది. మన చెలకల్ల, గుట్టల్ల ఉరికే దాన్ని కుందేలు అంటం, పల్లెల్ల చెవులపిల్లి అంటం. బోన్ల తెల్లగ, ఎర్ర కండ్లతోని ఉండేదాన్ని కూడ కుందేలే అంటం. ఈ రెండూ వేరు వేరు జాతులు. రెండూ కలిసి పిల్లలు కూడ పుట్టవు. చెవులపిల్లి కణంల క్రోమోజోములు 48, పెంపుడు కుందేలుకు 44.

చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డిల చిన్న పడక చేసుకొని చెవులు వెనక్కి వేసి కూసుంటది. కుక్క వస్తే ఉరుకుడే దాని ఇల్లు. దాని పిల్లలు బొచ్చుతోని, తెరిచిన కండ్లతోని పుడతయి. పుట్టిన కాసేపటికే కదులుతయి. పెంపుడు కుందేలు జాతి అట్ల కాదు. అది భూమిల సొరంగాలు తవ్వి గుంపుగ బతికే జీవం. దాని పిల్లలు బొచ్చు లేక, కండ్లు మూసుకొని పుడతయి. తల్లి తన బొచ్చు తానే పీకి గూడు పరుస్తది. ఇల్లు లేకుంటే ఆ జాతే లేదు.

పంచతంత్రంల సింహాన్ని బాయిల దుంకించిన కుందేలు, చందమామల కనబడే కుందేలు, హంపి దగ్గర వేటకుక్కలకు ఎదురు తిరిగిందని చెప్పుకునే కుందేలు, అన్నీ మన చెవులపిల్లే. అడవిల తిరిగేది, ఎవరి ఇల్లూ అడగనిది. ఆ కథలు విని పెరిగిన మనం, బయటి దేశం నుంచి వచ్చిన ఈ రెండో దానికి కూడ ఇల్లు అక్కరలేదనుకున్నం. చెవులపిల్లిని పట్టుడు, పెంచుడు వన్యప్రాణి చట్టం కింద నేరం, అది వేరే సంగతి. ఇంట్ల పెంచుకునేది రెండో రకమే.

రెండు వేల ఏండ్ల కింద ఒక రైతు రాసిన కొలత

ఈ రెండో రకం సొంతూరు స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్స్ దక్షిణ భాగం. రోమన్లు వాటిని అక్కడే చూసిన్రు.

రోమ్‌లో వర్రో అనే పెద్దమనిషి ఉండేటోడు. 80 ఏండ్ల వయసుల, క్రీస్తు పూర్వం 37 ప్రాంతంల, వ్యవసాయం మీద మూడు భాగాల పుస్తకం రాసిండు. ఆయన భార్య కొత్తగ భూమి కొన్నదట, ఆమెకు పనికొస్తదని మొదలు పెట్టిండు. అండ్ల కుందేళ్ల దొడ్డి ఎట్ల కట్టాలో చెప్పిండు. చుట్టూ గోడ కట్టి నున్నగ పూత పూయాలె, పిల్లి లాంటివి ఎక్కి లోపలికి రాకుండ. గోడ ఎత్తుగ ఉండాలె, తోడేలు దుంకకుండ. లోపల పొదలు, గడ్డి ఉండాలె, పగలు దాక్కోవటానికి. కొమ్మలు పరుచుకున్న చెట్లు ఉండాలె, గద్ద వచ్చి తన్నుకపోకుండ.

ఇది చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టిన. ఆ మనిషి కుందేళ్లను ముద్దు కోసం పెంచలేదు, తినటానికే పెంచిండు. అయినా ఆయన గోడలో, పొదలో, చెట్టులో కుందేలు భయం ఉన్నది. దానికి ఏది శత్రువు, అది ఎక్కడ దాక్కుంటది అని ఆలోచించి కట్టిండు. నా బోన్ల దాక్కోవటానికి ఏమున్నది? నాలుగు దిక్కులా జాలి. మా కుక్క రోజూ వచ్చి ఆ జాలికి మూతి ఆనించి నిలబడేది. పుట్టినకాడి నుంచి చచ్చేదాకా ఆ కుందేళ్లు కుక్క మూతి ముందరనే బతికినయి.

గుట్ట నుంచి డబ్బాకు

క్రీస్తు శకం 600 ప్రాంతంల ఒక పోపు, పుట్టని కుందేలు పిల్లల మాంసాన్ని ఉపవాసాలల్ల తినొచ్చన్నడని, దానితోనే ఫ్రాన్స్ మఠాలల్ల కుందేళ్ల పెంపకం మొదలైందని చాలాచోట్ల రాస్తరు. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పాత రాతలు వెతికి, పోపు అట్ల అన్న దాఖలా లేదని తేల్చిన్రు. వాళ్లు చెప్పేది ఏందంటే, కుందేలు ఒక్కరోజుల ఒక్కని చేతుల పెంపుడు జంతువు కాలేదు. దొడ్ల పెట్టుడు, పట్టుడు, పెంచుడు, ఇట్ల వందల ఏండ్లు మెల్లగ సాగింది.

ఇంగ్లాండుకు కుందేళ్లను పన్నెండో శతాబ్దం ప్రాంతంల నార్మన్లు తెచ్చిన్రు. అక్కడ వాటికోసం మట్టి దిబ్బలు పోసిన్రు. పొడుగ్గ, తలగడ తీరుగ ఉంటయని వాటిని తలగడ దిబ్బలు అంటరు. డార్ట్‌మూర్ ప్రాంతంల ఇప్పటికీ కనబడతయి. మన దగ్గర పుట్ట పోసినట్టు మెత్తటి మట్టి పోస్తే, కుందేలు తన ఇల్లు తాను తవ్వుకునేది. కాపలాకు మనిషి ఉండేటోడు. అప్పటికీ అది తినే జంతువే. కానీ ఇల్లు మాత్రం దాని అలవాటుకు తగ్గట్టే ఉన్నది.

తర్వాత పట్నాలు పెరిగినయి. పేదోళ్ల పెరట్ల నేల లేదు, చెక్క డబ్బా వచ్చింది. గోడకు ఆనించిన డబ్బాల కుందేలు, వారానికోసారి కోసుకునే కూర. రెండు ప్రపంచ యుద్ధాలల్ల మాంసానికి కరువు వచ్చి, ఇంగ్లాండుల ఇంటింటి పెరట్ల ఈ డబ్బాలు పెరిగినయి. యుద్ధం అయిపోయింది, కూర కోసం పెంచుడు తగ్గింది, అదే డబ్బాల పిల్లల ఆట కోసం కుందేలును పెట్టిన్రు. మూడు నాలుగు నెలల్ల కోసే జంతువు కోసం చేసిన డబ్బాల, ఎనిమిది నుంచి పన్నెండేండ్లు బతికే జంతువును ఉంచిన్రు. జాగ తక్కువ అని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే "కుందేలు ఇల్లు అంటే డబ్బానే" అని తాతల నాటి నుంచి చూస్తున్నరు.

అన్నిటికంటే చిన్న ఇల్లు ప్రయోగశాలల్ల వచ్చింది. 1944లో అమెరికాల డ్రైజ్ అనే ఆయన ఒక పరీక్ష పెట్టిండు. షాంపూ, కాటుక లాంటి సరుకులు కంట్ల పడితే ఏమైతదో చూడటానికి కుందేలు కంట్ల వేసుడు. అది తల ఆడించకుండ, గోక్కోకుండ, మెడ మాత్రమే బయటికి వచ్చే పెట్టెల బిగించేటోళ్లు. 1980లో హెన్రీ స్పైరా అనే మనిషి దీని మీద పేపర్ల పెద్ద ప్రకటన వేసి పోరాటం మొదలుపెట్టిండు. మన దేశం 2014లో సౌందర్య సామగ్రిని జంతువుల మీద పరీక్షించుడు బంద్ పెట్టింది.

మన దేశానికి బోను ఎట్ల వచ్చింది

రాజస్థాన్‌ల అవికానగర్ అనే చోట 1962ల పెట్టిన కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ఉన్నది. హిమాచల్‌ల గర్సా, తమిళనాడుల కొడైకెనాల్ దగ్గర మన్నవనూరు, అక్కడి కేంద్రాలల్ల కుందేళ్ల మీద పని చేసిన్రు. న్యూజీలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్, ఇవి అట్ల వ్యాపించిన రకాలు. ఆ ఊర్ల పేర్లు మళ్లొకసారి చూడండి. కులు లోయ, కొడైకెనాల్ కొండలు. అన్నీ చల్లటి జాగలు. ఆ జీవాలను, ఆ జాలి బోన్లను తెచ్చి, మే నెలల 42 డిగ్రీల ఎండ కొట్టే మా ఊర్ల సిమెంటు రేకుల కింద పెట్టినం.

కుందేలుకు మన తీరు చెమట పట్టదు. ఒంట్ల వేడి ఎక్కువగ చెవుల నుంచే పోవాలె. గాలి 30 డిగ్రీలు దాటితే దానికి తిప్పలు మొదలు. నాకు అప్పుడు ఎవరూ ఈ ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

చట్టం మాత్రం అప్పటికే ఉన్నది. నృత్య కళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన్రు. జంతువుల మీద క్రూరత్వం ఆపాలని సొంతంగ బిల్లు పెట్టిన్రు. తర్వాత నెహ్రూ ప్రభుత్వమే బిల్లు తెచ్చింది, 1960లో చట్టం అయింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు వస్తే ఆమెనే మొదటి అధ్యక్షురాలు. ఆ చట్టం 11వ సెక్షన్‌ల, ఒక జంతువును అది కదలటానికి సరిపోయేంత పొడుగు, వెడల్పు, ఎత్తు లేని బోన్ల పెట్టుడు నేరం అని రాసి ఉన్నది. మొదటిసారి చేస్తే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అప్పట్ల అది పైసలే, ఇప్పుడు చాయ్ పైసలు. అయినా మాట చూడండి. పొడుగు, వెడల్పు, ఎత్తు. నేను బోన్లు దించుకునే నాటికి ఆ మాటకు నలభై నాలుగేండ్లు.

మా బిడ్డ పాలిటీ పుస్తకం తీసి ఇంకో రెండు చూపించింది. 51ఎ(జి), ప్రాణుల మీద దయ పౌరుని బాధ్యత, 1976ల 42వ సవరణతోని వచ్చింది. 2014ల జల్లికట్టు కేసుల సుప్రీంకోర్టు జంతువులకు ఐదు స్వేచ్ఛలు ఉన్నయని చెప్పింది. ఆకలి దప్పులు లేకుండ, ఇబ్బంది లేకుండ, నొప్పి రోగం లేకుండ, భయం లేకుండ, తన సహజ నడవడితోని బతికే స్వేచ్ఛ. ఆ ఐదింటి మూలం 1965ల బ్రిటన్‌ల ఒక కమిటీ ఇచ్చిన రిపోర్టు. కోళ్లను, పశువులను ఇరుకు బోన్ల పెంచుడు మీద వేసిన కమిటీ అది. జంతువు నిలబడాలె, పండుకోవాలె, పక్కకు తిరగాలె, ఒళ్లు నాక్కోవాలె, కాళ్లు చాపాలె అని అది చెప్పింది.

"ఇవన్నీ బిట్లు బాపూ, పరీక్షల వస్తయి" అన్నది మా పిల్ల. నాకు మాత్రం ఒక్కో బిట్టు ఒక్కో బోను లెక్క కనబడ్డది.

టేపు ఎక్కడి నుంచి వచ్చింది

పెరటి డబ్బా నుంచి కుందేలును ఇంట్లకు తెచ్చుడు 1980లల్ల అమెరికాల ఊపందుకున్నది. 1985ల మారినెల్ హారిమన్ అనే ఆమె, కుందేలు ఇంట్ల మనుషుల నడుమ ఎట్ల బతుకుతదో పుస్తకం రాసింది. 1988ల కాలిఫోర్నియాల హౌస్ రాబిట్ సొసైటీ పెట్టిన్రు. వదిలేసిన కుందేళ్లను తీసుకొని, ఇల్లు చూసి, అడగాల్సినవి అడిగి, అప్పుడు ఇచ్చుడు ఇట్ల వ్యాపించింది. బ్రిటన్‌ల రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ ఒక కొలత చెప్తది. రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడుగు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు, ఎప్పుడూ తెరిచి ఉండే జాగ. మన లెక్కల సుమారు 65 చదరపు అడుగులు.

ఈ కొలత గాల్లకెల్లి రాలేదు. కుందేలు శరీరం నుంచే వచ్చింది. వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు పైకప్పుకు తగలొద్దు. ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసగ మూడు దుంకులు దుంకాలె. ఉరకాలె, తవ్వాలె, దాక్కోవాలె. ఉరకని కుందేలుకు ఎముకలు బలహీనమైతయి, పేగు కూడ మందగిస్తది. పేగు ఆగితే ప్రాణం పోతది.

ఇప్పుడు మొదటి లెక్క గుర్తుచేసుకోండి. నేను కుందేలుకు ఇచ్చింది 3 చదరపు అడుగులు. ఒక జంటకు కావాల్సింది 65. అశోక్‌నగర్‌ల మా బిడ్డ వాటాకు వచ్చింది 40.

ఆ అమ్మాయి మెల్లగ చెప్పింది, "అక్కా, మీ రూముల మీరే ఇరుక్కొని ఉంటున్నరు. కుందేలును పెడితే మంచం కింద బోన్ల పెట్టాలె. పొద్దున లైబ్రరీకి పోతే రాత్రి వస్తరు. మేము ఇయ్యలేం." మా పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు అప్పుడు రెండు తీర్ల బాధ అయింది. కుందేలుకు ఇల్లు సరిపోదని ఒకరు కొలిచి చెప్తున్నరు. మా పిల్లకు సరిపోతదా అని నేను ఎన్నడన్నా టేపు పట్టుకొని పోయిన్నా? నెలకు ఎంత అని మాత్రమే అడిగిన.

"అయితే మా ఊరికి పంపుండ్రి, మస్తు జాగ ఉన్నది, వదిలేస్తే అదే మేస్తది" అన్న నేను. మా పిల్ల తల పట్టుకున్నది. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటవ్ గద బాపూ!"

వదిలేసే ముచ్చట కూడ చరిత్ర తేల్చిందే. 1859ల ఆస్ట్రేలియాల థామస్ ఆస్టిన్ అనే దొర వేట సరదాకు ఇంగ్లాండు నుంచి రెండు డజన్ల దాకా కుందేళ్లు తెప్పించి వదిలిండు. అవి దేశం మొత్తం పాకినయి, గడ్డి మిగల్లేదు. 1901 నుంచి 1907 దాకా మూడు వేల కిలోమీటర్లు దాటిన కంచెలు కట్టిన్రు, అయినా ఆగలేదు. మన దగ్గర దానికి ఉల్టా అయితది. బోన్ల పుట్టిన తెల్ల కుందేలును ఇందిరా పార్కుల వదిలినా, మా చెలకల వదిలినా, కుక్కలకు, ముంగిసలకు, పిల్లులకు దొరికిపోతది. దానికి దాక్కునే తెలివి మనమే పోగొట్టినం. తెల్లరంగు కూడ మనమే ఇచ్చినం. రెండు దిక్కులా నష్టమే.

తెచ్చుకునే ముందర

పాతబస్తీ ముర్గీ చౌక్ దిక్కు పోయినప్పుడు గంపల తెల్ల పిల్లలను చూసి మనసు కరుగుతది. పిల్లలు ఏడుస్తరు. పైసలిచ్చి తెస్తరు. అట్ల తెచ్చినవే కొన్ని నెలలకు మెట్ల కిందికి వస్తయి. అందుకే, వదిలేసిన కుందేలును తెచ్చుకోవాలనుకునేటోళ్లకు నేను తెలుసుకున్నది రాస్తున్న. మీ మంచికే.

1. జాగ: జంటకు 65 చదరపు అడుగులు. బోను ఉంటే అది పండుకునే అర్ర మాత్రమే, తలుపు తెరిచి ఉండాలె. అంత జాగ లేకుంటే ఆగండి. ఆగుడు తప్పు కాదు.

2. నేల: జాలి వద్దు. నున్నటి టైల్స్ కూడ వద్దు, కాళ్లు జారుతయి. చాప, పాత జంపఖానా, మందపు బొంత పరచండి. కుందేలు పాదం కింద పిల్లికి, కుక్కకు ఉన్నట్టు మెత్త ఉండదు, బొచ్చు మాత్రమే ఉంటది. నా బోన్ల రక్తం అందుకే వచ్చింది.

3. దాక్కునే చోటు: రెండు దిక్కులా తొవ్వ ఉన్న అట్టపెట్టె చాలు. ఒక్క తొవ్వే ఉంటే దానికి అది ఉచ్చు లెక్క.

4. ఎండ: పై అంతస్తు రేకుల రూము, పడమటి కిటికీ, మూసిన బాల్కనీ వద్దు. మార్చి నుంచి జూన్ దాకా కూలరో, ఏసీనో ఉండాలె. కరెంటు పోతే ఏం చేస్తరో ముందే అనుకోవాలె. నీళ్ల సీసా గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకొని పండుకుంటది. కుందేలును నీళ్లల్ల ముంచొద్దు, భయానికే గుండె ఆగుతది.

5. వైర్లు: దాని పండ్లు బతికినన్ని రోజులు పెరుగుతనే ఉంటయి, కొరుకుడు దాని పని. చార్జరు వైరు దానికి గడ్డి వేరు లెక్కనే కనబడతది. వైర్లను పైపుల పెట్టండి, లేకుంటే పైకి కట్టండి.

6. గడ్డి: తిండిల ఎక్కువ పాలు ఎండు గడ్డే. క్యారెట్ తిని బతుకుతదనేది బొమ్మల కథ. అది తీపి, కొంచమే పెట్టాలె. మన గరిక పచ్చిది, ఎండుది, రెండూ తింటది. కానీ పార్కు గడ్డి, మందు కొట్టిన ఒడ్డు గడ్డి పెట్టొద్దు. లేత జొన్న అసలే వద్దు, పశువులకే విషం. లూసర్న్ పిల్లలకు సరే, పెద్దవాటికి రోజూ వద్దు. వరిగడ్డిల బలం లేదు, పరుపుకు వాడుకోండి.

7. తోడు: గుంపుల బతికే జీవం. ఒక్కటే ఉంటే దిగులు పడతది. జంట పెడితే ఆపరేషన్ చేయించాలె, లేకుంటే నా యూనిట్ లెక్క మీకు తెలిసిందే.

8. డాక్టరు: కుక్కలను చూసే అందరు డాక్టర్లు కుందేలును చూడరు. ఎవరు చూస్తరో తెచ్చే ముందే తెలుసుకోండి. సగం దినం తినకుంటే, పెంటికలు వేయకుంటే, రేపు చూద్దాం అనొద్దు.

9. ఒప్పుకోలు: ఇంటి ఓనరు, రూమ్మేట్లు, ఇంట్లోళ్లు. ఒక్కరు వద్దన్నా, రేపు అది మెట్ల కిందికి పోతది.

ఇవన్నీ చూస్తే ఒక్కటి అర్థమైతది. వర్రో రాసిన గోడ, పొద, చెట్టు, వీటిల్ల కూడ ఉన్నయి. శత్రువు రాకుండ గోడ, భయమైతే పొద, ఎండకు నీడ. రెండు వేల ఏండ్ల కింద ఒక ముసలి రైతుకు తెలిసింది, నడుమ మనం మరిచింది, ఇప్పుడు ఒక ఇరవై ఐదేండ్ల పిల్ల టేపుతోని గుర్తుచేసింది. నడుమ ఇన్ని ఏండ్లు కుందేలు ఇల్లు చిన్నగైంది దాని అవసరం తగ్గి కాదు. కొలత తీసేటోడు జంతువు దిక్కు కాకుండ, తన జాగ దిక్కు, తన ఖర్చు దిక్కు చూసి కొలిచిండు కాబట్టి. నేను కూడ అట్లనే కొలిచిన.

చివరికి ఏమైందో చెప్తా. ఆ కుందేలును మా పిల్లకు ఇయ్యలేదు. నారాయణగూడ దిక్కు ఒక ఇంట్ల, టీచరు పని చేసి రిటైర్ అయిన ఒకామె వెనక అర్ర ఇచ్చి పెట్టుకున్నది. దానికి తోడుగ ఇంకొకటి వచ్చింది. మా పిల్ల ఆదివారం పోయి అర్ర ఊడ్చి, కాసేపు కూసొని వస్తది. గడ్డి నేను పంపుతున్న. మందు తగలని ఒడ్డు మీది గరిక కోసి, నీడకు ఎండబెట్టి, సంచి కట్టి పట్నం పోయేటోళ్లకు ఇస్తున్న. "ఉద్యోగం వచ్చి రెండు రూముల ఇల్లు తీసుకున్నంక మళ్ల పేరు ఇస్త బాపూ" అన్నది. అంతకంటే ముందు, హాస్టల్ మార్పించిన. ఇప్పుడు రూముకు ఇద్దరే. నెలకు రెండు వేలు ఎక్కువ. పోనీ.

నా పాత బోన్లు కొట్టం వెనక తుప్పు పట్టి ఉండె. ఇన్నేండ్లల్ల ఒక్కసారి కూడ వాటి దిక్కు పోలేదు. మొన్న ఒకటి తీసి, టేపు పెట్టి కొలిచిన. 2 అడుగులు, అడుగున్నర. నా మోకాళ్లు ముడుచుకొని కూసున్నా పట్టను. జాలి ఊడదీసి చిక్కుడు తీగకు పందిరి వేసిన. పాకుతున్నది.

మీ ఇంట్ల కుందేలు ఉంటే, ఈ పోస్టు చదివినంక ఒక్కసారి టేపు తీయండి. మీ పిల్లలు హాస్టల్ల ఉంటే, అక్కడికి పోయినప్పుడు కూడ.